పక్షులకు పట్టా, మనుషులకు బాకీ

శివాలిక్ కొండల మీదుగా పాంగ్ సరస్సుకు సాగే శీతాకాలపు ప్రయాణం బైనాక్యులర్స్‌తో మొదలవుతుంది. చివరికి యాభై ఏళ్లుగా తెగని భూమి తగాదా దగ్గర తేలుతుంది.

జనవరిలో పంజాబ్ మైదానాల్లో తెల్లవారడమంటే చీకటి పోయి పొగమంచు రావడమే. పక్షుల్ని చూడాలని చండీగఢ్ నుంచి బయల్దేరేవారిలో కొత్తవాళ్లు తెల్లవారుజామున అయిదింటికే కారెక్కుతారు. కురాలీ చేరేసరికి వారికి ముందు వెళుతున్న చెరుకు ట్రాలీ ఎర్రదీపం తప్ప మరేమీ కనిపించదు. ఆ దీపం కూడా అన్ని ట్రాలీలకూ ఉండదు. అనుభవజ్ఞులు తొమ్మిదింటి దాకా ఆగుతారు. ధాబాలో ముల్లంగి పరాఠా, అల్లం టీ కానిచ్చి నింపాదిగా కదులుతారు. పక్షుల కోసం పొద్దు పొడవక ముందే లేవాలన్న సూత్రం ఇక్కడ పనికిరాదు. ఈ మంచులో పక్షి కూడా కొమ్మ మీద ముడుచుకునే కూర్చుంటుంది.

వారి గమ్యం హిమాచల్‌ప్రదేశ్ కాంగ్డా జిల్లాలో బియాస్ నదిపై ఉన్న పాంగ్ డ్యామ్ జలాశయం. ప్రభుత్వ రికార్డుల్లో దాని పేరు మహారాణా ప్రతాప్ సాగర్. మేవాడ్ వీరుడి పేరు కాంగ్డా నీళ్లకు పెట్టడం వింతగా తోచవచ్చు. కానీ ఈ నీళ్లలో పెద్ద వాటా చివరికి చేరేది రాజస్థాన్‌కే. ఏటా చలికాలంలో లక్షకు కాస్త అటూ ఇటూగా నీటి పక్షులు ఇక్కడ దిగుతాయి. చండీగఢ్ నుంచి రోపార్, నంగల్, ఊనా, అంబ్, డెహ్రా మీదుగా ఐదారు గంటల దారి. చెట్టు చెట్టుకూ ఆగే అలవాటున్న వారికి ఒక పగలంతా పడుతుంది.

రోపార్ దగ్గర సట్లెజ్ కొండల్లోంచి బయటపడి మైదానంలోకి అడుగుపెడుతుంది. రికార్డుల్లో ఊరి పేరు రూప్‌నగర్‌గా మారినా డ్రైవర్ల నోట ఇంకా రోపారే. సర్హింద్ కాలువ కోసం బ్రిటిష్ ఇంజినీర్లు 1882 నాటికే ఇక్కడ నదికి అడ్డుకట్ట వేశారు. దాని వెనక నిలిచిన నీళ్లలో మంచు విడిపోయే వేళకు నామాలకోళ్లు నల్లటి చుక్కల్లా తేలుతాయి. నీటికాకులు రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటాయి. 1831లో గవర్నర్ జనరల్ బెంటింక్, మహారాజా రంజిత్‌సింగ్ ఏనుగులు, గుడారాలు, సైనిక పటాలాలతో కలుసుకున్నది ఈ ఒడ్డునే. ఇప్పుడు హంగామా అంతా వంతెన మీద లారీలది.

నంగల్‌కు వెళ్లేసరికి ఒక సంగతి అర్థమవుతుంది. ఈ దారిలో పక్షులు వాలే పెద్ద నీళ్లన్నీ మనిషి ఆపినవే. నంగల్ జలాశయం వెనక కొద్ది దూరంలోనే భాక్రా. 1954లో ఇక్కడి కాలువల్ని ప్రారంభిస్తూ ప్రధాని నెహ్రూ ఇలాంటి ప్రాజెక్టుల్ని కొత్త కాలపు దేవాలయాలతో పోల్చారు. మరుసటి ఏడాది డిసెంబర్‌లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసిందీ ఆయనే కాబట్టి తెలుగువారికి ఆ పోలిక కొత్త కాదు. దేవాలయాల్లో పక్షులు గూడు కట్టడం మామూలే. నంగల్ జలాశయానికి 2019లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. అంటే అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరిందన్నమాట.

ఊనా దగ్గర భూమి స్వభావమే మారిపోతుంది. శివాలిక్ కొండలు హిమాలయాలకు వాకిట్లో అరుగులాంటివి. వయసులోనూ చిన్నవి, గట్టిదనమూ తక్కువే. మట్టి, ఇసుక, గులకరాళ్లు పొరలు పొరలుగా పేర్చినట్టుంటాయి. గట్టి వాన పడితే కరిగి కిందికి దిగుతాయి. వాటి పాదాల దగ్గర ఎండిన ఇసుక వాగుల్ని పంజాబీలు ‘చో’ అంటారు. ఈ వాగులు పొలాల్ని ఇసుకతో కప్పేస్తుంటే ఆపడానికి పంజాబ్ సర్కారు 1900లోనే ఒక చట్టం తెచ్చింది. కొండ మీద చెట్టు కొట్టడానికీ, మేకను తోలడానికీ అనుమతి కావాలన్నది దాని సారాంశం. కొండవాళ్ల మేకలకూ మైదానం రైతుల పొలాలకూ మధ్య సర్కారు తీర్పరిగా నిలబడిన తొలి సందర్భాల్లో అదొకటి. ఇలాంటి తీర్పే మరొకటి ఈ రోడ్డు చివర సరస్సు ఒడ్డున ఎదురవుతుంది.

ఊనా జిల్లాను వర్షాకాలంలో ఏడిపించే స్వాన్ నది చలికాలంలో కరకట్టల మధ్య సన్నటి చారగా ఉంటుంది. ఇసుకలో తీతువు పిట్టలు పరుగెడుతుంటాయి. అంబ్ దాటాక రోడ్డు మలుపులు తిరుగుతూ పైకెక్కుతుంది. మామిడి తోటలు, తుమ్మజాతి ఖైర్ చెట్లు వెనకబడి చీర్ పైన్ చెట్లు మొదలవుతాయి. కిళ్లీలో వేసే కాచు తయారయ్యేది ఈ ఖైర్ చేవ నుంచే. భర్వాయీ దగ్గర చింత్‌పూర్ణి అమ్మవారి భక్తుల బస్సులతో రోడ్డు ఇరుకైపోతుంది. దుకాణాల్లో ఎర్ర చున్నీలు, కొబ్బరికాయలు. ఆ రద్దీకి విసుక్కోకుండా ఏ మలుపులోనో కారు ఆపి ఉత్తరానికి చూస్తే, మబ్బులేని రోజున ధౌలాధార్ పర్వతాలు తెల్లటి గోడలా నిలబడి కనిపిస్తాయి. పై కొండల్లో మంచు పడగానే అక్కడి పక్షులు కూడా కాపురం కిందికి మారుస్తాయి. వేసవిలో ఎత్తైన వాగుల దగ్గర ఉండే ఎర్ర తోక రెడ్‌స్టార్ట్‌లు ఇప్పుడు రోడ్డు పక్క కల్వర్టు రాళ్ల మీద తోక ఆడిస్తుంటాయి. వలస అంటే సైబీరియా నుంచి రావడమే కానక్కర్లేదు. కొన్ని పక్షులకు కొండ దిగడమే వలస.

డెహ్రా దగ్గర బియాస్ వంతెన దాటి ఎడమకు తిరిగితే హరిపూర్-గులేర్. గులేర్ రాజ్యానికి రాజధానిగా ఉన్న హరిపూర్‌లో శిథిలమైన కోట గోడల మీద రావి మొక్కలు పెరుగుతున్నాయి. పహాడీ సూక్ష్మ చిత్రకళకు పేరు తెచ్చిన పండిత్ సేవూ, ఆయన కొడుకులు మానకూ, నైన్‌సుఖ్‌లది 18వ శతాబ్దపు గులేరే. వారి బొమ్మలు ఇప్పుడు ప్రపంచంలోని పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి. ఊళ్లో చూడటానికి మిగిలింది తక్కువ. 1929లో వేసిన పఠాన్‌కోట్-జోగిందర్‌నగర్ చిన్న రైలు మార్గం కూడా ఈ ఊరి గుండానే వెళుతుంది. ఈ మార్గంలో గులేర్ దగ్గరి కొంత భాగాన్ని 1970లలో కొత్త దారికి మార్చారు. పాత పట్టాల చోటు జలాశయం కిందికి పోయింది. పాంగ్ ఏం మింగిందో చెప్పే మొదటి గుర్తు అదే.

నగ్రోటా సూరియాన్ దాటి ఒడ్డుకు దిగితే ముందు నీళ్లు కనిపించవు, పచ్చదనం కనిపిస్తుంది. చూపు ఆనినంత మేర జానెడు ఎత్తున గోధుమ. దాని అవతల బూడిదరంగు గీతలా నీళ్లు. ఆ గీత మీద ఎవరో మిరియాలు చల్లినట్టు నల్లటి చుక్కలు. బైనాక్యులర్స్ కళ్లకు ఆనించగానే చుక్కలన్నీ పక్షులవుతాయి. సూదితోక బాతులు వేలల్లో ఉంటాయి. వాటి మెడల మీది తెల్లటి చార దూరానికి కూడా మెరుస్తుంది. కామన్ టీల్ బాతులు, ఎర్రతల పోచర్డ్‌లు, నామాలకోళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తేలుతాయి. మన కావ్యాల్లో రాత్రంతా విరహంతో వేగిపోయే చక్రవాకాలు ఇక్కడ పట్టపగలు జంటలుగా, ఇటుకరంగు ఒంటితో ఒడ్డున తిరుగుతాయి. వాటి గొంతు మాత్రం విరహానికి తగ్గట్టే బొంగురు. నీళ్లలో పాతిన వలగుంజ మీద చేపను కాళ్ల కింద అదిమిపెట్టుకుని ఒక ఆస్ప్రే గద్ద. ఆనకట్టకు ముందు ఈ లోయ పక్షుల పటంలో లేదు. రామ్‌సర్ పత్రాల్లో నమోదైనవే 220 జాతులకు పైగా. తర్వాత స్థానిక పక్షి ప్రేమికులు పెంచుకుంటూ పోయిన జాబితా 400 దాటింది.

అందరూ వచ్చేది మాత్రం ఒక్క పక్షి కోసం. బూడిదరంగు ఒళ్లు, పసుపు కాళ్లు, తెల్లటి తల వెనక రెండు నల్లటి పట్టీలు. ఇంగ్లిష్ పుస్తకాల్లో బార్ హెడెడ్ గూస్, తెలుగులో పట్టీతల బాతు అనుకోవచ్చు. మంగోలియా, టిబెట్, మధ్య ఆసియా సరస్సుల దగ్గర పిల్లల్ని పెంచి, చలి ముదిరేసరికి హిమాలయాలు దాటి వస్తుంది. లదాఖ్ సరస్సుల దగ్గర కూడా కొన్ని గూళ్లు పెడతాయి. ఎవరెస్ట్ మీదుగా ఎగురుతుందని దీని గురించి ఒక మాట ప్రచారంలో ఉంది. ఉపగ్రహ పరికరాలు కట్టి చేసిన అధ్యయనాల్లో నమోదైన గరిష్ఠ ఎత్తు 7,290 మీటర్లు. అదేం తక్కువ కాదు. అక్కడ గాలిలో ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే సగం కూడా ఉండదు. ఈ పక్షి రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మామూలు బాతుల కంటే గట్టిగా పట్టుకుంటుంది. పైగా అది ఎత్తును గొప్ప కోసం వాడుకోదు. వీలైనంత వరకు నేలను ఆనుకునే, కనుమల్లో పైకీ కిందికీ ఎగురుతూ దాటుతుంది. గాలి చల్లగా, చిక్కగా ఉండే రాత్రి వేళల్నీ తెల్లవారుజాములనూ ఎంచుకుంటుంది.

ప్రపంచంలో ఈ బాతులు చలికాలం గడిపే అతిపెద్ద స్థావరాల్లో పాంగ్ ఒకటి. కొన్నేళ్లు నలభై, యాభై వేల దాకా వచ్చాయి. ఇంత దూరం వచ్చింది నీళ్ల కోసం మాత్రమే కాదు. ఇది చేపలు పట్టే పక్షి కాదు, పచ్చిక మేసే పక్షి. నీళ్లలో నిద్రపోతుంది, నేల మీద తింటుంది. పాంగ్ ఒడ్డున అది తినేదాంట్లో లేత గోధుమ మొలకలు కూడా ఉన్నాయి.

ఆ గోధుమ ఎవరిదన్నదే అసలు ప్రశ్న. చట్టం ప్రకారం ఎవరిదీ కాదు, ఎందుకంటే అది అక్కడ ఉండకూడదు. పాంగ్ 1983 నుంచి అభయారణ్యం. నీళ్లు తగ్గాక బయటపడే నేల కూడా అందులో భాగమే. అక్కడ దున్నడం వన్యప్రాణి సంరక్షణ చట్టానికి విరుద్ధం. అటవీ సిబ్బంది ట్రాక్టర్లు పట్టుకుంటారు, కేసులు పెడతారు. ఫిర్యాదులు కోర్టుల దాకా, హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లాయి. పర్యావరణ కార్యకర్తల అభ్యంతరాలూ తేలిగ్గా తీసేయదగ్గవి కావు. పురుగుమందులు నీళ్లలో కలుస్తాయి. కోతలయ్యాక కొయ్యకాళ్లకు పెట్టే నిప్పులో నేల మీద గూడు కట్టే పక్షుల గుడ్లు మాడిపోతాయి. పలుకుబడి ఉన్న కొందరు పెద్ద కమతాలే దున్నుతున్నారన్నది వారి మరో ఆరోపణ. ఇంత జరిగినా నవంబర్ రాగానే నాగళ్లు మళ్లీ దిగుతాయి.

కారణం తెలియాలంటే అరవై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి. ఈ నీళ్ల కింద ఉన్నది హల్దూన్ లోయ. కాంగ్డాకు ధాన్యాగారమని పేరు. 1961లో ఆనకట్ట పని మొదలైనప్పుడు కాంగ్డా పంజాబ్‌లో ఉండేది. 1966లో హిమాచల్‌లో కలిసింది. 1974లో 133 మీటర్ల ఎత్తున కట్ట పూర్తయ్యేసరికి నిర్ణయం తీసుకున్న రాష్ట్రం ఒకటి, మునిగిన రాష్ట్రం ఇంకొకటి, నీళ్లు తాగే రాష్ట్రం మరొకటి. 339 గ్రామాలు, 20 వేలకు పైగా కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. వారిలో 16 వేలకు పైగా కుటుంబాలకు రాజస్థాన్‌లో భూమి ఇవ్వాలన్నది ఒప్పందం. పాంగ్ నీళ్లతో పచ్చబడే శ్రీగంగానగర్ ఎడారిలో వారికి పట్టాలు దక్కాలి. కాగితం మీద అంతకు మించిన న్యాయం ఉండదు.

కాగితం దాటాక కథ వేరు. కొండ వాగుల పక్కన వరి పండించినవాళ్లు 45 డిగ్రీల ఎండలో, తెలియని భాష మాట్లాడే జనం మధ్య దిగాల్సి వచ్చింది. వెళ్లినవారిలో చాలామంది భూముల్ని అప్పటికే వేరెవరో ఆక్రమించారు. అక్కడే నివాసం ఉండాలన్న షరతు పాటించలేదని వేల కేటాయింపులు రద్దయ్యాయి. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 1996లో కోర్టు నిర్వాసితుల గోడు ఆలకించి, ఉన్నతస్థాయి కమిటీ పర్యవేక్షణలో భూములివ్వాలని ఆదేశించింది. ఆ తర్వాత జైసల్మేర్ జిల్లాలో, సరిహద్దు దగ్గర ఇసుక దిబ్బల మధ్య భూములు చూపించారు. కమిటీ సమావేశాలు జరుగుతూనే ఉన్నాయి. అర్హుల్లో చాలామంది కన్నుమూశారు. వారి మనవలు ఇప్పుడు దరఖాస్తుదారులు. హిమాచల్‌కు ఈ ప్రాజెక్టుల విద్యుత్తులో 7.19 శాతం వాటా ఉందని తేలడానికే 2011లో మరో సుప్రీంకోర్టు తీర్పు కావాల్సి వచ్చింది. రాష్ట్రానికే అంతకాలం పడితే రైతుకెంత పట్టాలి?

అందుకే నీరు తగ్గి తాతల పొలం ఏటా ఆరు నెలలు బయటపడగానే, ఒడ్డునున్న కుటుంబాలు దాన్ని అభయారణ్యంగా చూడలేవు. ఏ గట్టు ఎవరిదో కొన్ని ఇళ్లలో ఇంకా గుర్తు. పక్షులకు 1983లో దక్కిన హక్కు, అంతకు పదేళ్ల ముందు మనుషులకు రాసిచ్చిన హక్కు కంటే ముందుగా అమలైంది. ఇందులో పక్షుల తప్పేమీ లేదు. సంరక్షణకు దిగిన ప్రభుత్వం తన పాత బాకీ ఊసెత్తకపోవడంలోనే ఉంది తప్పంతా. పక్కా భూమి చేతికొచ్చిన కుటుంబానికీ, ఇంకా రానిదానికీ తేడా చూడకుండా అందరినీ ఒకే కేసులో ఇరికించే పద్ధతితో పాంగ్ ఒడ్డున పక్షికి మిత్రులు పెరగరు.

కొల్లేరు సంగతి తెలిసిన వారికి ఇదంతా ఎక్కడో విన్నట్టే ఉంటుంది. పాంగ్, కొల్లేరు రెండూ 2002లోనే రామ్‌సర్ జాబితాకెక్కాయి. కొల్లేరు అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం పేల్చి కూల్చేసింది. అక్కడా చెరువులు తవ్విన పెద్దల మాటున, చిన్న రైతులు, జాలర్ల బతుకు తెరువు ప్రశ్న కలగలిసిపోయింది. తేడా ఏమిటంటే కొల్లేరు ప్రకృతి ఇచ్చిన సరస్సు, పాంగ్ సర్కారు కట్టినది. ఇక్కడ మునక కూడా సర్కారుదే కాబట్టి జవాబుదారీ మరింత ఎక్కువ.

2020-21 చలికాలంలో పాంగ్ పేరు దేశమంతా మారుమోగింది. డిసెంబర్ చివర్లో ఒడ్డున చనిపోయిన బాతులు కనిపించాయి. మొదట పదుల్లో, తర్వాత వందల్లో. జనవరి మొదటి వారంలో భోపాల్‌లోని ప్రయోగశాల అది బర్డ్ ఫ్లూ అని, హెచ్5ఎన్1 రకం వైరస్ అని తేల్చింది. చనిపోయిన పక్షుల లెక్క ఐదువేల దరిదాపులకు చేరింది. అందులో అత్యధికం పట్టీతల బాతులే. 7,000 మీటర్ల ఎత్తున గాలిని జయించిన పక్షి బురదలో మెడ తిప్పలేక పడిపోయింది. తెల్లటి రక్షణ దుస్తులు వేసుకున్న సిబ్బంది కళేబరాల్ని ఏరి పాతిపెట్టారు. సరస్సు చుట్టూ కిలోమీటరు మేర మనుషులు, పశువుల రాకపోకలు ఆపేశారు. చుట్టుపక్కల నాలుగు సబ్ డివిజన్లలో కోళ్లు, గుడ్ల అమ్మకం నిషేధించారు.

ఆ కిలోమీటరులోనే జాలర్ల పడవలున్నాయి. పాంగ్‌లో లైసెన్సుతో చేపలు పట్టేవారు రెండు వేల మందికి పైనే. సహకార సంఘాలుగా ఏర్పడిన వీరిలో చాలామంది ఆనకట్ట నిర్వాసితుల కుటుంబాలవారు. పొలం పోయి వల పట్టుకున్నవారన్నమాట. గుజ్జర్ల గేదెలు మేసేదీ, పై కొండల నుంచి దిగివచ్చే గద్దీల గొర్రెలు ఆగేదీ ఆ ఒడ్డునే. కరోనాకు చితికిపోయిన ఏడాదిలో వారికి అది రెండో దెబ్బ. అయినా వాళ్ల నష్టం లెక్క, చనిపోయిన బాతుల లెక్కలా రోజూ పత్రికల్లోకి ఎక్కలేదు.

అదే చలికాలం ఫిబ్రవరిలో జరిపిన గణనలో లక్షకు పైగా పక్షులు కనిపించడంతో అంతా ఊపిరి పీల్చుకున్నారు. తర్వాతి రెండేళ్లూ లక్ష దాటాయి. 2024లో మాత్రం సంఖ్య 83 వేల స్థాయికి జారింది. ఒక్క ఏడాది తగ్గుదలను బట్టి ఏదీ తేల్చలేం. నీటిమట్టం, ఆ ఏడాది చలి తీవ్రత, ఒడ్డున దొరికే తిండి అన్నీ లెక్కలోకి వస్తాయి. 2023 ఆగస్టు వరదల్లో జలాశయం నిండి గేట్లెత్తితే కింద ఇందోరా, ఫతేపూర్ ప్రాంతాల ఊళ్లు మునిగాయి. వైమానిక దళం హెలికాప్టర్లతో జనాన్ని తరలించాల్సి వచ్చింది. ఆనకట్టకు పైనున్నవారిని ఒకసారే ముంచిన నీళ్లు, దిగువనున్నవారిని మళ్లీ మళ్లీ భయపెడుతున్నాయి.

పక్షుల కోసమే వెళ్లేవారికి డిసెంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి సమయం. బస నగ్రోటా సూరియాన్‌లోనో, డెహ్రాలోనో చూసుకోవచ్చు. అటవీ శాఖ విశ్రాంతి గృహాలకు ముందుగా అనుమతి కావాలి. టెలిస్కోప్ ఉంటే మేలు. పక్షులు నడి సరస్సులో ఉంటాయి, ఒడ్డున చెప్పులు తడిసేంత బురద. కారు పచ్చని చేలోకి దించకపోవడం మంచిది, ఆ చేను చట్టవిరుద్ధమైనా సరే. సాయంత్రం నాలుగున్నర తర్వాత ఆకాశం వైపు చెవి పెట్టాలి. ముందు దూరాన కుక్కపిల్లలు కూసినట్టు చప్పుడు, తర్వాత పలుచటి గీతలు, ఆ గీతలు దగ్గరికొచ్చి వందల రెక్కలవుతాయి. పగలంతా నీళ్లలో కునుకు తీసిన బాతులు చీకటి పడే వేళకు గోధుమ చేలల్లోకి దిగుతాయి.

ఫిబ్రవరి వెళ్లేకొద్దీ నీళ్లు ఇంకా వెనక్కి జరుగుతాయి. ఏడాదిలో ఎనిమిది నెలలు మునిగి ఉండే బాథూ కీ లడీ రాతి గుళ్లు మెల్లగా మెట్లతో సహా బయటపడతాయి. వాటి చుట్టూ పడవలకు బదులు పశువులు తిరుగుతాయి. మార్చి నెలాఖరుకు బాతులు ఉత్తరానికి లేచిపోతాయి. అవి మేయగా మిగిలిన గోధుమ బైసాఖీ తర్వాత కోతకొస్తుంది. జూలైలో బియాస్ పొంగి నీళ్లు ఆ పొలాల మీదికి తిరిగొస్తాయి. నవంబర్‌లో ఎవరు ముందు దిగుతారన్నది, నాగలా, బాతా, అటవీ శాఖ జీపా అన్నది, ఏటా ఒకేలా ఉండదు.